మేనల్లుడి ప్రవర్తన గురించి: కుటుంబ చికిత్సలో ఊరి తోడు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: బత్తాయి రైతు, మర్రిగూడ వైపు

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఒక ఊరు. నాలుగెకరాల బత్తాయి తోట మా జీవనాధారం. మా అక్కా బావా హైదరాబాద్ శివారులో అపార్ట్‌మెంట్లు కట్టే చోట పనిచేస్తూ అక్కడే రేకుల గదిలో ఉంటున్నారు. వాళ్ల కొడుకు పన్నెండేళ్లవాడు. మూడేళ్లుగా మా ఇంట్లో, మా అమ్మ చేతి కింద పెరుగుతూ ఊరి బడిలో ఏడో తరగతి చదువుతున్నాడు.

నిరుటి నుంచి వాడి తీరు మారింది. బడికని బయలుదేరి చెరువు కట్ట మీద పొద్దుపుచ్చి, సాయంత్రం అందరు పిల్లలతోపాటు సంచి వేసుకొని ఇంటికి వస్తాడు. తోటివాళ్లను కొడతాడు, అడిగితే తాను కాదంటాడు. మా అమ్మ బియ్యం డబ్బాలో దాచుకునే పింఛను డబ్బులో ఒకసారి యాభై, ఒకసారి వంద తగ్గుతున్నాయి. ఫోన్ ఇవ్వకపోతే గిన్నెలు విసిరికొడతాడు. పోయిన నెల ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి పక్క తోటలో రెండు సంచుల కాయ తెంపి, సాగర్ రోడ్డు పక్కన పెట్టి అమ్ముకున్నాడు. ఆ తోట రైతు వరసకు నాకు చిన్నాయన అవుతాడు. ఆయన ఖాళీ సంచి పట్టుకొని మా వాకిట్లోకి వచ్చి నలుగురి ముందు అడిగేసరికి నాకు తల తీసేసినట్లయింది. చేతికందిన డ్రిప్పు పైపు ముక్కతో వాడిని కొట్టాను. ఆ రాత్రి మా అమ్మ వాడి వీపుకు కొబ్బరినూనె రాసి, నాకు తెలియకుండా చేతిలో ఇరవై రూపాయలు పెట్టిందని తర్వాత తెలిసింది.

బడిలో టీసీ తీసుకొనిపొమ్మంటున్నారు. ఊళ్లో ఒక పెద్దమనిషి ఠాణాకు తీసుకుపోయి కానిస్టేబుల్‌తో భయం చెప్పిద్దామంటున్నాడు. మరొకరు దూరంగా ఏదైనా హాస్టల్లో వేయమంటున్నారు. నల్లగొండలో చూపిస్తే డాక్టరుగారు మందేమీ రాయకుండా, ఇది కుటుంబ చికిత్సతో సరిదిద్దవలసిన విషయమనీ, తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వారం వారం రావాలనీ చెప్పారు. అక్కా బావా ఒక రోజు రావాలంటే ఇద్దరి కూలీ పోతుంది, నాకు తోటలో నీళ్లు కట్టేవాళ్లుండరు.

కొన్ని దేశాల్లో ఇలాంటి చికిత్సను ఇంటికే వచ్చి చేస్తారనీ, బడినీ ఇరుగుపొరుగునూ కూడా అందులో కలుపుకుంటారనీ చదివాను. మన ఊళ్లలో అది కుదిరే పనేనా? కుదిరితే ఎవరిని కలుపుకోవాలి, వాళ్లకు ఎంతవరకు చెప్పాలి? ఊరందరికీ చెప్పుకుంటే పిల్లవాడికి ‘దొంగ’ అన్న పేరు స్థిరపడిపోతుందేమోనని నా భయం.

జవాబు: మానసిక ఆరోగ్య రంగంలో సామాజిక కార్యకర్త, నల్లగొండ

అన్నగారూ, మీరు రాసినదంతా చదివాక నా మనసు ఇరవై రూపాయల మాట దగ్గర ఆగింది. ఒకే తప్పుకు ఒకే ఇంట్లో, ఒకే రోజున దెబ్బలూ పడ్డాయి, డబ్బులూ వచ్చాయి. అమ్మను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మనవడి వీపు మీద చారలు చూసిన ఏ అవ్వ అయినా అదే చేస్తుంది. కాని పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఆ ఇంట్లో కట్టుబాటు అనేది లేదు, పెద్దల కోపమూ పెద్దల జాలీ మాత్రమే ఉన్నాయి. ఆ రెంటిలో ఏది ఎప్పుడు వస్తుందో పసిగట్టడంలో పిల్లలు చాలా నేర్పరులు.

ఫోన్ కోసం గిన్నెలు విసరడం కూడా ఇలాంటిదే. వాడు అడుగుతాడు, మీరు కాదంటారు, వాడు గొంతు పెంచుతాడు, మీరూ పెంచుతారు, గిన్నె పడుతుంది, ‘తీసుకొని చావు’ అని ఎవరో ఒకరు ఫోన్ చేతికిస్తారు. ఆ క్షణంలో ఇల్లు సద్దుమణుగుతుంది కనుక ఇచ్చినవాళ్లకూ హాయి, పుచ్చుకున్నవాడికీ హాయి. అందుకే మరునాడు అది ఇంకొంచెం గట్టిగా మొదలవుతుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త, ఆయన బృందం ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులూ పిల్లలూ మాట్లాడుకునే తీరును ఏళ్ల తరబడి గమనించి ఈ వరసనే బయటపెట్టారు. తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణలు చాలావరకు ఆ పరిశీలన మీదనే నిలబడ్డాయి.

మీరు చదివినది బహుశా మల్టీసిస్టమిక్ థెరపీ గురించి అయి ఉంటుంది. 1970ల చివర అమెరికాలో స్కాట్ హెంగ్లర్ రూపొందించిన పద్ధతి అది. 12 నుంచి 17 ఏళ్ల వయసులో తీవ్రమైన ప్రవర్తనా సమస్యలున్న పిల్లల కోసం, ఒక్కో చికిత్సకుడు ఒకేసారి నాలుగు నుంచి ఆరు కుటుంబాలను మాత్రమే చేపట్టి, మూడు నుంచి ఐదు నెలలపాటు ఇంటికీ బడికీ తిరుగుతూ, రాత్రీ పగలూ ఫోనుకు అందుబాటులో ఉంటాడు. మన జిల్లాల్లో అలాంటి ఏర్పాటు లేదు, ఉందని మిమ్మల్ని ఊరించను. అయితే ఆ పద్ధతికి వెన్నెముకలాంటి ఆలోచనకు మాత్రం ఖర్చు లేదు. చికిత్సకుడు మార్చేది పిల్లవాడిని కాదు, వాడి చుట్టూ ఉన్న పెద్దల తీరును. అతను వెళ్లిపోయాక కూడా ఆ పెద్దలకు ఆసరాగా నిలిచే మనుషులను ఆ ఊళ్లోనే, ఆ బంధువుల్లోనే వెతికిపెడతాడు.

అందుకని ‘ఎవరిని కలుపుకోవాలి’ అన్న మీ ప్రశ్నను నేను కొంచెం మార్చి చూస్తాను. పిల్లవాడిని కనిపెట్టి ఉండడానికి ఎవరు కావాలి అని వెతికితే ఊరంతా కాపలాదారులే దొరుకుతారు, మీరు భయపడ్డట్టే పేరు కూడా పడుతుంది. మీ అమ్మకూ మీకూ ఎవరి తోడుంటే ఆ గడ్డు పావుగంట గట్టెక్కుతుంది అని వెతకండి. అలా వెతికితే ముగ్గురు నలుగురికి మించి అక్కర్లేదు.

మనుషులను వెతకడం కంటే ముందు రెండు పనులున్నాయి. పిల్లవాడికి చూపు, వినికిడి సరిగా ఉన్నాయా, చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఏదైనా ఉందా, నిలకడలేమి చిన్నప్పటి నుంచీ ఉన్నదా అన్నది తేల్చుకోండి. ఏడో తరగతిలో పాఠం చదవలేక అవమానపడే పిల్లవాడికి చెరువు కట్టే నయమనిపిస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే వైద్య బృందం పరిశీలించవలసిన వాటిలో ఇవి కూడా ఉన్నాయి. మీ ఏఎన్‌ఎంను అడిగితే ఆ బృందం ఎప్పుడు వస్తుందో చెబుతారు. ఇక రెండోది, ఒక వంద పేజీల నోటుబుక్కు కొని రెండు వారాలు రాయండి. గొడవ జరిగిన ప్రతిసారీ దానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఏం చేశారు అన్న మూడు సంగతులు చాలు. తీర్పులు రాయవద్దు. ‘పొగరుగా మాట్లాడాడు’ అని కాకుండా వాడు అన్న మాటను అన్నట్టే రాయండి.

ఠాణా ఆలోచన మానుకోండి. ఖైదీలను చూపించి పిల్లలను భయపెట్టే కార్యక్రమాలను అమెరికాలో 1970ల నుంచి నడిపారు. తర్వాత లెక్కలు తీస్తే, ఆ భయం చూడని పిల్లలకంటే చూసినవాళ్లే ఎక్కువగా నేరాల్లో పడ్డారని తేలింది. దారి తప్పుతున్న పిల్లలను ఒకచోట చేర్చి బాగుచేద్దామనుకున్నా చిక్కే. వాళ్లు మన మాటకంటే ఒకరి మెప్పును ఒకరు ఎక్కువగా కోరుకుంటారు. మీవాడు కాయ తెంపింది కూడా ఇంకో ఇద్దరితో కలిసే కదా.

కొట్టడం గురించి పెద్దగా చెప్పను. ఎవరూ అడగకపోయినా మీరే దాచకుండా రాశారంటే దాని బరువు మీకు తెలుసు.

జవాబు: పరిశోధక విద్యార్థి, హైదరాబాద్ (సొంత ఊరు అచ్చంపేట)

పై జవాబులో చెప్పినవాటితో చాలావరకు ఏకీభవిస్తూనే రెండు విషయాల్లో కాస్త నిదానం అవసరమని మనవి చేస్తున్నాను. మల్టీసిస్టమిక్ థెరపీకి అమెరికాలో వచ్చినన్ని మంచి ఫలితాలు అన్నిచోట్లా రాలేదు. ఇంగ్లండులో 684 కుటుంబాలతో చేసి 2018లో ప్రకటించిన అధ్యయనంలో, ఏడాదిన్నర తర్వాత చూస్తే ఇంటి నుంచి వేరుచేయవలసి వచ్చిన పిల్లల విషయంలో ఆ పద్ధతికీ అక్కడ మామూలుగా అందే సేవలకూ తేడా కనిపించలేదు. అక్కడి మామూలు సేవలే మనకు లేనంత బలమైనవి అని వాదించవచ్చు. అయినా ఇల్లూ బడీ ఊరూ కలిస్తే పిల్లవాడు తప్పకుండా మారతాడు అని ఎవరూ హామీ ఇవ్వలేరు.

రెండోది, సాయం ఎవరు చేస్తున్నారన్నది తేలికగా తీసుకోవలసిన సంగతి కాదు. బీహార్‌లోని నలంద జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో చేసిన పరిశీలన ఒకటుంది. అదీ 2018లోనే వెలువడింది. బడి వాతావరణాన్ని మెరుగుపరిచే ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో శిక్షణ పొందిన మామూలు మనుషుల చేత, కొన్ని బడుల్లో అక్కడి ఉపాధ్యాయుల చేత నడిపించారు. మామూలు మనుషులు నడిపించిన చోట పిల్లల మధ్య వేధింపులూ కొట్లాటలూ తగ్గాయి, ఉపాధ్యాయులు నడిపించిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. దీన్ని చదివి ఉపాధ్యాయులను తక్కువ చేయనక్కర్లేదు. మార్కులు వేసే మనిషి దగ్గర, హాజరు పిలిచే మనిషి దగ్గర పిల్లవాడు మనసు విప్పడం కష్టమని నాకు తోస్తుంది.

దక్షిణాఫ్రికాలో 552 కుటుంబాలతో చేసిన ప్రయత్నం మీ ప్రశ్నకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ కౌమారంలో ఉన్న పిల్లలకూ వారిని పెంచే పెద్దలకూ 14 వారాల కార్యక్రమాన్ని ఆ ప్రాంతపు మనుషులే శిక్షణ పొంది నడిపారు. ఇళ్లలో దెబ్బలు తగ్గాయి, పెంచేవాళ్ల మీది ఒత్తిడి తగ్గింది, వాళ్లకు తోడు పెరిగింది. ఊరి మనిషి ఈ పని చేయగలడా అన్న మీ సందేహానికి ఇంతకంటే దగ్గరి జవాబు నాకు తెలియదు.

ఇక రహస్యం సంగతి. మన ఊళ్లలో ‘ఎవరికీ చెప్పకు’ అని చెప్పిన మాట పొద్దుగూకేలోపు బస్టాండు దాకా వెళ్లిపోతుంది. అందుకని సాయం అడిగే ప్రతి మనిషికీ అతను చేయవలసిన పనికి సరిపడినంతే చెప్పండి. కిరాణా కొట్టు ఆయనకు బియ్యం డబ్బా కథ తెలియనవసరం లేదు. ‘మావాడికి అప్పు ఇవ్వకండి, డబ్బు తెస్తే ఎక్కడిదని వాడిని అడగకుండా నాకు ఒక్క మాట చెప్పండి’ అంటే చాలు.

జవాబు: పొదుపు సంఘం లీడరు, మక్తల్ వైపు

తమ్ముడూ, నేను చదువుకున్నది పదో తరగతి వరకే, కాని ఈ బాధ పడినదాన్ని కనుక రాస్తున్నాను. మా ఆయన పూణెలో సెంట్రింగు పని చేస్తాడు. మా ఇలాకాలో అది వింత కాదు, పాలమూరు కూలీ లేని పెద్ద కట్టడం లేదని అంటారు. మా పెద్దవాడు పద్నాలుగేళ్లప్పుడు నా మీదికి చెయ్యెత్తాడు. పట్నంలో ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి తీసుకుపోతే, డబ్బు కట్టించుకొని, నన్ను బయట కూర్చోబెట్టి, గంటసేపు వాడికి నీతులు చెప్పి పంపారు. మూడుసార్లు వెళ్లి మానేశాను. వాడు మాత్రం ఆ నీతులను నాకే తిరిగి అప్పజెప్పడం నేర్చాడు.

ఆ తర్వాత మండలానికి వచ్చిన ఒక మేడం మా ఇంట్లోనే కూర్చొని, గొడవ ఏ వేళకు వస్తుందని అడిగింది. రాత్రి ఎనిమిది, తిన్న తర్వాత, ఫోన్ దగ్గర. ఆ వేళకు నీ పక్కన ఎవరుంటే నీకు ధైర్యం అని అడిగింది. మా సంఘంలోనే ఉండే ఎదురింటి వదిన పేరు చెప్పాను. ఆ నెలంతా వదిన ఎనిమిది కాగానే ఒక చేటలో పల్లికాయ పట్టుకొని మా అరుగు మీదికి వచ్చేది. ఇద్దరం వలుస్తూ కూర్చునేవాళ్లం. వాడు అరిచినా ఆమె వాడిని ఒక్క మాట అనేది కాదు, అసలు వాడి వైపు చూసేదే కాదు. నా గొంతు లేవబోతే మాత్రం నా మోకాలు మీద చెయ్యి వేసేది. నేను ‘ఇయ్యను’ అని ఒకసారి చెప్పి పల్లికాయ వలుస్తూ ఉండిపోయేదాన్ని.

ఒక సంగతి ముందే తెలుసుకో. మొదటి వారం వాడి అల్లరి తగ్గలేదు, రెట్టింపయింది. నాలుగో రోజు తలుపును కాలితో తన్ని పలక చీల్చాడు. ఇన్నాళ్లు అరిస్తే దొరికినది దొరకకపోయేసరికి ఇంకా గట్టిగా అరిచి చూస్తాడని, అప్పుడు లొంగితే ఆ గట్టి అరుపే అలవాటవుతుందని మేడం ముందే చెప్పి ఉంది కనుక నిలబడగలిగాను. ఒక్కదాన్నే అయితే ఆ నాలుగో రోజే ఇచ్చేసేదాన్ని.

ఇంకొకటి, మా ఆయన ఆదివారం ఫోను. వారమంతా నేను ఫిర్యాదులు మూటగట్టి ఉంచేదాన్ని, ఆయన ఆ మూట విప్పి పది నిమిషాలు తిట్టి పెట్టేసేవాడు. వాడికి తండ్రి అంటే ఆదివారం తిట్టే గొంతు. దాన్ని మార్చుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది. తిన్నావా, క్రికెట్టు ఎవరు గెలిచారు అన్న మాటలతో మొదలుపెట్టాలని, ఫిర్యాదులుంటే వాడు పడుకున్నాక మేమిద్దరమే మాట్లాడుకోవాలని పెట్టుకున్నాం. వాడిప్పుడు ఐటీఐ చదువుతున్నాడు. కోపం పోయిందని చెప్పను, అప్పుడప్పుడు తలుపు దబాలున వేస్తాడు, కాని నా మీదికి రాడు.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కల్వకుర్తి

టీసీ విషయం ఒక్కటే చెబుతాను. విద్యాహక్కు చట్టం, 2009లోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ పిల్లవాడినీ బడి నుంచి వెళ్లగొట్టడానికి వీల్లేదు. 2019లో వచ్చిన సవరణ పరీక్ష తప్పినవారిని అదే తరగతిలో ఉంచడం గురించినదే తప్ప దీన్ని తాకలేదు. అందుకే బడులు వెళ్లగొట్టామని రాయవు, మీ చేతనే ‘మా ఇష్టపూర్వకంగా టీసీ కోరుతున్నాము’ అని రాయించుకుంటాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. అదే చట్టంలోని 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అయితే ఈ సెక్షన్ల పేర్లు చెబుతూ హెడ్‌మాస్టర్ గదిలోకి వెళితే పని చెడుతుంది. ముప్ఫై ఏళ్లు ఆ కుర్చీలోనో దాని పక్కనో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను.

పిల్లవాడి మీద బడిలో రోజూ వచ్చే ఫిర్యాదు ఏమిటో అడిగి, మీ వంతుగా ఏం చేయబోతున్నారో చెప్పి, వాళ్ల వంతుగా ఒకే ఒక్క పని కోరండి. మొదటి పీరియడ్‌లో పిల్లవాడు లేకపోతే పది గంటలలోపు మీకు ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలని అడగండి. ఏ హెడ్‌మాస్టరూ దానికి కాదనడు. పిల్లవాడు ఎవరి వెంట తిరగడానికి ఇష్టపడతాడో చూసి ఆ మనిషితోనే మాట్లాడండి. సాధారణంగా అది పీఈటీ సారో, మధ్యాహ్న భోజనం వండే అమ్మో అవుతుంది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు: బత్తాయి రైతు, మర్రిగూడ వైపు

అందరికీ దండాలు. నెల దాటాక రాస్తున్నందుకు మన్నించండి, మధ్యలో తోటలో కాయ కోతకు వచ్చింది.

నోటుబుక్కు రాశాను. మొదటి నాలుగు రోజులు నాకే సిగ్గనిపించింది, ‘తర్వాత మేమేం చేశాం’ అన్న గడిలో నా అరుపులే ఎక్కువగా ఉన్నాయి. రెండు వారాల్లో ఆరు కొట్లాటలు రాస్తే అందులో నాలుగింటికి ముందు ఒకే మాట ఉంది. పిల్లలు వాడిని ‘గారపండ్లోడా’ అన్నారు. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకందరికీ తెలిసినదే, దానివల్ల పళ్లకు గార పడుతుంది. భగీరథ నల్లా రాకముందు బోరు నీళ్లు తాగి పెరిగినవాడు కనుక ముందు పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. మా తరంలో అందరికీ ఉండేవి కనుక ఎవరూ ఎవరినీ అనేవాళ్లు కాదు. ఇప్పుడు తెల్లటి పళ్ల పిల్లలు చిన్న తరగతుల నుంచి ఎదిగి వస్తున్నారు. వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతాడని నేను చూస్తూనే ఉన్నాను, ఎందుకో ఎన్నడూ అడగలేదు.

పీఈటీ సారుకు ఈ ఒక్క సంగతే చెప్పాను. ఆయన పిల్లలకు ఉపన్యాసం ఇవ్వలేదు. మావాడికి కబడ్డీ మ్యాట్ పరిచే పని, విజిల్ అప్పగించే పని ఇచ్చాడట. ఆ మాట అనడం పూర్తిగా పోలేదు గాని బడి ఎగ్గొట్టడం తగ్గింది. మొదటి వారంలో మూడు మిస్డ్ కాల్స్ వచ్చాయి, పోయిన వారం ఒకటే.

పక్క తోట చిన్నాయన దగ్గరికి వాడిని వెంటబెట్టుకొని వెళ్లాను. కాయల డబ్బు నేనిస్తానంటే ఆయన వద్దన్నాడు. వాడే ఐదు ఆదివారాలు వచ్చి చెట్ల పాదుల్లో గడ్డి తీయాలన్నాడు, అయిపోయాక ఎక్కడా ఆ మాట ఎత్తనన్నాడు. మూడు వారాలు అయ్యాయి. ఒక ఆదివారం వాడు వెళ్లనని మొండికేస్తే మా అమ్మ వెనకేసుకురాబోయి ఆగింది. ఆగడానికి ఆమెకు ఎంత కష్టమైందో ముఖంలోనే కనిపించింది. అక్కగారు చెప్పిన పల్లికాయ సంగతి ఆమెకు చదివి వినిపించాను, ఇప్పుడు పక్కింటి పెద్దమ్మ సాయంత్రం వచ్చి కూర్చుంటోంది.

డబ్బు మాత్రం ఇంకొకసారి పోయింది, నలభై రూపాయలు. కొట్టలేదు. ఏం చేయాలో తెలియక ఊరికే ఉన్నాను. అది సరైనదేనా?

జవాబు: మానసిక ఆరోగ్య రంగంలో సామాజిక కార్యకర్త, నల్లగొండ

ఊరికే ఉండడం కొట్టడం కంటే నయమే, కాని పోయిన సంగతి మీకు తెలుసని వాడికి తెలియాలి. కోపం లేని వేళ చూసి, ‘నలభై తగ్గాయి, శనివారం ఇచ్చే చేతిఖర్చులో నుంచి పది చొప్పున తీసుకుంటాను’ అని చెప్పి అక్కడితో ఆపండి. ఒప్పించడానికి చూడకండి, ఒట్టు పెట్టించకండి. చేతిఖర్చు అంటూ ఇవ్వకపోతే ఈ వారం నుంచే కొద్దిగా మొదలుపెట్టండి. అమ్మ చాటుగా ఇచ్చేది మానాలంటే అందరి ముందు ఇచ్చేది ఒకటి ఉండాలి. బియ్యం డబ్బాలో డబ్బు ఉంచడం కూడా ఇక మానిపించండి.

పళ్ల చారలను చాలావరకు దంతవైద్యులు తగ్గించగలరు, నల్లగొండ వచ్చినప్పుడు అదీ చూపించండి. ఏ రాత్రయినా చేయి దాటిపోతున్నట్లనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రివేళ కూడా పలుకుతారు. అక్కా బావలతో మొదటిసారైనా ముఖాముఖి కూర్చోవడం మాత్రం తప్పదు. వారం వారం కుదరదని డాక్టరుగారికి నోటుబుక్కు చూపించి చెప్పండి; నెలకొకసారి నేరుగా, మధ్యలో ఫోనులో సాగించే వీలుందేమో అడగండి.

ప్రశ్న అడిగినవారు: బత్తాయి రైతు, మర్రిగూడ వైపు

మంచిది మేడం. అక్కావాళ్లు పెత్రమాసకు (పితృ అమావాస్యకు) వస్తున్నారు. మరుసటి సోమవారం ఓపీకి వెళ్లడానికి బావ మేస్త్రీతో ఇంకో రెండు రోజుల సెలవు మాట్లాడుకున్నాడు. డ్రిప్పు పైపుతో కొట్టిన సంగతి అక్కకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఇంటికి రాగానే, వాడు చెప్పకముందే నేనే చెబుతాను.